రాబర్ట్ హుడ్ రికార్డులు: మారనిదాన్ని పట్టుకుంటే మారేది వినిపిస్తుంది

టెక్నో అంటే యంత్రాల మీద కట్టే నృత్య సంగీతం; అందులో అతి తక్కువ శబ్దాలతో నడిచే రకం మినిమల్ టెక్నో. దాన్ని మొదటిసారి వినేవాళ్ళు రెండు నిమిషాలు ఓపిక పట్టి అడిగే ప్రశ్న ఒకటే: పాట ఇంకా మొదలు కాలేదా? అప్పటికది మొదలై సగం దూరం వచ్చేసి ఉంటుంది. గొంతు లేదు, పల్లవి లేదు, చరణం లేదు. డబ్బు డబ్బుమని ఒక దెబ్బ, దాని మీద మూడు నాలుగు స్వరాల చిన్న వరస. అయిదారు నిమిషాలు అదే వరస. ఇంత తక్కువ సరుకుతో ఒక మనిషి ముప్పై ఏళ్ళుగా రికార్డులు వేస్తున్నాడంటే అవన్నీ ఒకే తీరుగా ఉంటాయనుకోవడం సహజం. అమెరికాలోని డెట్రాయిట్‌కు చెందిన రాబర్ట్ హుడ్ విషయంలో ఆ అంచనా తప్పుతుంది. అతని రికార్డుల్లో ఒకటి రాత్రి షిఫ్టులో నడిచే కార్ఖానాలా ఉంటుంది, ఒకటి అర్ధరాత్రి జాజ్‌లా, ఇంకొకటి ఆదివారం చర్చి ఆరాధనలా. అన్నిటికీ చెయ్యి మాత్రం ఒకటే. ఆ చెయ్యి ఎక్కడుందో కనిపెట్టడమే ఈ రికార్డులను వినే పద్ధతి.

నల్లగొండ, పాలమూరు చెవులకు ఈ వినికిడి కొత్తదేమీ కాదు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు, ప్రతి పాదం చివర ‘ఉయ్యాలో’ వచ్చి పడుతుంది. అడుగు అదే, చప్పట్టు అదే, రాగం అదే. ఎంతసేపు పాడినా మారేది పాదం నడుమ రెండు మూడు మాటలు. రాగం ఎందుకు మారడం లేదని ఎవరూ విసుక్కోరు. చెవి ‘ఉయ్యాలో’ దగ్గర ఆగదు, దానికి ముందు రాబోయే మాట కోసం కాచుకుని ఉంటుంది. డప్పులోనూ అంతే. చిర్ర దెబ్బ నిలకడగా పడుతుంటే చిటికెన పుల్ల ఆ సందుల్లో మాట్లాడుతుంది. టెక్నోలో కిక్ డ్రమ్ముది, అంటే కింద పడే బరువైన దెబ్బది, చిర్ర పని; హై-హ్యాట్‌ది, అంటే పైన చిన్న తాళాల్లా మోగేదానిది, చిటికెన పుల్ల పని. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో గంటల తరబడి మోగే భేరీలను విన్నవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. పోలిక ఇంతవరకే. హుడ్ సంగీతానికి ఇక్కడి జాతరలతో చుట్టరికమేమీ లేదు, వినే అలవాటు ఒక్కటే కలుస్తుంది.

చిక్కు వచ్చేది మరో వైపు నుంచి. ఊరేగింపుల్లో డీసీఎం మీద కట్టిన బాక్సుల్లో వచ్చే రోడ్‌షో మిక్సులకు అలవాటుపడిన చెవికి కాసేపటికొకసారి ఏదో ఒకటి కొత్తగా రావాలి. సైరన్ రావాలి, డీజే పేరు అరుపుగా రావాలి, దెబ్బ ఆగి మళ్ళీ పడాలి. ఆ అలవాటుతో హుడ్‌ను వింటే రానిదాని కోసం ఎదురుచూడటమే సరిపోతుంది.

పేర్ల చిక్కు ముందు విడదీయాలి

హుడ్ 1965లో డెట్రాయిట్‌లో పుట్టాడు. 1990ల ఆరంభంలో మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్‌లతో కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందంలో పనిచేశాడు. బెర్లిన్‌లోని ట్రెసార్ లేబుల్ (రికార్డులు వేసే కంపెనీ) మొదటి విడుదల 1991 నాటి ఎక్స్-101. అది ఈ ముగ్గురి పనే. ఆ తర్వాత మిల్స్‌తో జంటగా కొన్నాళ్ళు, ‘ది విజన్’ పేరుతో ఒంటరిగా కొన్నాళ్ళు పనిచేసి 1994లో ఎం-ప్లాంట్ అనే సొంత లేబుల్ పెట్టుకున్నాడు. ఫ్లోర్‌ప్లాన్, మోనోబాక్స్ కూడా అతని పేర్లే.

కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ట్రెసార్ వేసిన ‘వేవ్‌ఫామ్ ట్రాన్స్‌మిషన్’ వరసలో మొదటిది, మూడోది జెఫ్ మిల్స్‌వి. 1993లో వచ్చిన రెండోది ది విజన్ పేరుతో ఉంటుంది, అంటే హుడ్‌ది. మూడింటినీ ఒకే మనిషివనుకుని వింటే ఎవరి చెయ్యి ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. పైగా ‘విజన్’ అని వెతికితే వేరే బృందాలు బోలెడు వచ్చిపడతాయి. మనిషి పేరుతో కాకుండా లేబుల్ పేరు, సంవత్సరం కలిపి వెతకడం మేలు. ఇంకో తికమక: 2008 నాటి ‘ఫాబ్రిక్ 39’, 2018 నాటి ‘డీజే-కిక్స్’ అతని పేరుతోనే ఉన్నా అవి డీజే మిక్సులు. వాటిలో ఇతరుల ట్రాకులూ కలిసి ఉంటాయి. డీజేగా అతని అభిరుచి తెలుసుకోవడానికి అవి బాగుంటాయి గానీ అతని రచనను అంచనా కట్టడానికి పనికిరావు.

1994: రెండు రికార్డులు, ఒక నిర్ణయం

అప్పటికి టెక్నో, ముఖ్యంగా యూరప్‌లో రాత్రంతా సాగే ‘రేవ్’ నృత్య సభల్లో, పెద్దదీ వేగవంతమైనదీ అయిపోయింది. సింథ్ (సింథసైజర్) మీద ఆర్భాటపు హారన్లు, వేగం పెంచిన గొంతులు, డ్రమ్ రోల్ మీద డ్రమ్ రోల్. హుడ్ ఎదురుదారి పట్టాడు. ‘మినిమల్ నేషన్’ 1994లో మొదట మిల్స్ లేబుల్ యాక్సిస్ మీద వచ్చింది, తర్వాత ఎం-ప్లాంట్ నుంచి మళ్ళీ అచ్చయింది. అదే ఏడాది ట్రెసార్ ‘ఇంటర్నల్ ఎంపైర్’ వేసింది. మినిమల్ టెక్నో అనే మాటకు ఈనాడున్న అర్థం చాలావరకు ఈ రెండింటి నుంచి వచ్చిందే.

వీటిలో సామాను తక్కువని అందరూ అంటారు. అది నిజమే గానీ అసలు విషయం అందులో లేదు. సామాను తగ్గించడం ఎవరికైనా చేతనవుతుంది. తగ్గించాక మిగిలింది అయిదు నిమిషాలు నిలబడాలి. మిగిలే ఆ చిన్న వరసను ఎలా కట్టాలన్న దాంట్లో హుడ్ పనితనం ఉంది.

మొదటి సంగతి వరస పొడవు. దానికి కొంచెం లెక్క చూడాలి. ఉదాహరణకు నిమిషానికి 132 దెబ్బల వేగం తీసుకుందాం. దెబ్బకు దెబ్బకు మధ్య 454 మిల్లీసెకన్లు. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక బార్; ఇక్కడి మాటలో చెప్పాలంటే ఒక ఆవర్తం, అది 1.82 సెకన్లు. ఆవర్తంలో 16 గళ్ళు, ఒక్కో గడి సుమారు 114 మిల్లీసెకన్లు. అయిదు నిమిషాల ట్రాకులో ఆవర్తాలు 165. డ్రమ్ములు 16 గళ్ళలోనే తిరుగుతాయి. సింథ్ వరస కూడా 16 గళ్ళదే అయితే ప్రతి ఆవర్తం అచ్చంగా ఒకేలా ఉంటుంది, పదో సారికి చెవి తలుపు వేసేసుకుంటుంది. వరసను 12 గళ్ళకు కత్తిరిస్తే 16, 12ల క.సా.గు. 48 కాబట్టి రెండూ కలిసి మొదలయ్యేది మూడు ఆవర్తాలకొకసారి, అంటే 5.45 సెకన్లకు. 7 గళ్ళ వరసైతే 112 గళ్ళకు, ఏడు ఆవర్తాలకు, 12.7 సెకన్లకు. 16, 12, 7 మూడూ ఒకేసారి నడిస్తే 336 గళ్ళు, 21 ఆవర్తాలు, 38 సెకన్లు. అయిదు నిమిషాల్లో ఆ కలయిక ఎనిమిదిసార్లు కూడా రాదు. స్వరాలు ఒక్కటీ మారలేదు, కానీ కిక్ కింద పడే స్వరం ప్రతిసారీ వేరు. మృదంగం నేర్చినవాళ్ళకు ఇది చతురశ్రం మీద మిశ్రం, అంటే నాలుగు లెక్క మీద ఏడు లెక్క, నడిపినట్టే. టెక్నోలో ఈ చిట్కా అందరి సొత్తు. హుడ్ రికార్డులు విన్నాక దాని విలువ తెలుస్తుంది.

రెండో సంగతి వరస తల ఎక్కడుందో దాచడం. వరస మొదటి గడిలోనే, కిక్‌తో పాటు మొదలైతే దాని తల ఎక్కడో చెవికి వెంటనే దొరుకుతుంది. మొదటి గడి ఖాళీగా వదిలి రెండో గడిలోనో నాలుగో గడిలోనో ఎత్తుకుంటే తలా తోకా తెలియకుండా తిరుగుతుంది. కర్ణాటక సంగీతంలో అనాగత ఎత్తుగడ చేసే పని ఇదే. ‘ఇంటర్నల్ ఎంపైర్’లో ‘మైనస్’ అనే ట్రాకును ఈ దృష్టితో వినాలి. దాదాపు ఒకే సింథ్ వరస దాన్ని మొదటి నుంచి చివరిదాకా మోస్తుంది. దాని తల ఎక్కడని వెతకబోతే కాసేపటికి వేరే చోట మొదలవుతున్నట్టు తోస్తుంది. మారింది వినేవాళ్ళ లెక్క. ఈ అనుభవం ఒక్కసారి కలిగితే మిగతా రికార్డులు వాటంతటవే తెరుచుకుంటాయి. కలగకపోతే మాత్రం ఎన్ని వ్యాసాలు చదివినా లాభం లేదు.

మూడోది, తీసేయడమే ఒక సంఘటన కావడం. రోలాండ్ టీఆర్-909 అనే డ్రమ్ యంత్రం 1983లో వచ్చింది. టెక్నో మొత్తానికీ డప్పు అదే. దాని కిక్ సర్క్యూట్ నుంచి పుడుతుంది. హ్యాట్లు, సింబల్స్ మాత్రం 6-బిట్ డిజిటల్ శాంపిళ్ళు, అందుకే వాటికి ఆ గరుకు. దెబ్బల నడుమ పడే తెరిచిన హ్యాట్‌ను రెండు నిమిషాలు వాయించి ఒక్కసారి ఆపితే, అరుపు పెట్టినదానికన్నా పెద్ద మార్పు వినిపిస్తుంది. కొత్త వాద్యం అక్కర్లేదు, ఉన్నది లేకపోతే చాలు.

వేగం గురించి ఒక పక్కమాట. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో ఒక చుట్టు 1.8 సెకన్లు. ఆ చుట్టులో నాలుగు దెబ్బలు పడితే వేగం సరిగ్గా 133.3. గాడిని మూసి, సూది ఒకే చుట్టులో శాశ్వతంగా తిరిగేలా కోసే లాక్‌డ్ గ్రూవ్‌లు ఈ లెక్క మీదే బతుకుతాయి. జెఫ్ మిల్స్ 1994 నాటి ‘సైకిల్ 30’లో అలాంటివి ఉన్నాయి. రికార్డు చుట్టే ఒక ఆవర్తం.

చేసి చూస్తే తెలిసేది

ఈ పద్ధతి ఎంత కష్టమో ల్యాప్‌టాప్ మీద ఒక సాయంత్రం ప్రయత్నిస్తే అర్థమవుతుంది. రోడ్‌షో మిక్సులు చేసే కుర్రాళ్ళ దగ్గరుండే సాఫ్ట్‌వేర్ చాలు. కావలసినవి అయిదు శబ్దాలు: కిక్, మూసిన హ్యాట్, తెరిచిన హ్యాట్, చప్పట్టు, ఒక సింథ్. వేగం 132. కిక్‌ను 50 నుంచి 55 హెర్ట్జ్ దగ్గర పెట్టి, దాని తోకను 300 మిల్లీసెకన్లలోపు ఆపాలి. 454 దాకా సాగనిస్తే ఒక దెబ్బ తోక మరో దెబ్బ తల మీద పడి కింది భాగమంతా ముద్దవుతుంది. సింథ్‌లో 150 హెర్ట్జ్ కంటే కిందిది కోసేయాలి, లేకపోతే అది కిక్ చోటులోకి దూరుతుంది. సింథ్ వరసకు మూడు నాలుగు స్వరాలు చాలు. 12 గళ్ళలో మొదటిది ఖాళీ వదిలి మొదలుపెట్టాలి.

తర్వాత ఫిల్టర్, అంటే శబ్దంలో పై భాగాన్ని కోసేది. సింథ్ ఫిల్టర్‌ను 300 హెర్ట్జ్ నుంచి 2 కిలోహెర్ట్జ్ వరకు 64 ఆవర్తాల మీద తెరవాలి, అంటే దాదాపు రెండు నిమిషాలు. ఏ క్షణంలోనూ మార్పు తెలియకూడదు, మొదటి నిమిషంతో మూడో నిమిషాన్ని పోల్చి చూస్తేనే తెలియాలి. పొద్దు ఎక్కుతున్నట్టు. అదే పని 8 ఆవర్తాల్లో చేస్తే పండగ పాటల్లో వచ్చే ‘ఎత్తుకోవడం’ అయిపోతుంది. వినేవాడు దెబ్బ పడుతుందని కాచుకుంటాడు, పడకపోతే నిరాశపడతాడు. ఎకో కావాలంటే మూడు గళ్ళ దూరం, 341 మిల్లీసెకన్లు. తిరిగి వచ్చే మోతాదు 30 నుంచి 40 శాతం దాటకూడదు. దాటితే సందులన్నీ పూడిపోతాయి. ఈ సంగీతంలో సందు కూడా ఒక వాద్యమే.

ఎక్కువమంది దెబ్బతినేది రెండో నిమిషం దగ్గర. చేస్తున్నవాడు అదే వరసను గంట నుంచి వింటున్నాడు కాబట్టి ముందుగా విసుగొచ్చేది అతనికే. ఆ విసుగును వినేవాడి విసుగనుకుని ఒక గొంతు ముక్క, ఒక సైరన్ అతికిస్తాడు. అక్కడితో ట్రాకు చస్తుంది. మందు ఒకటే: ఆపేసి, మర్నాడు పొద్దున ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా వినాలి. అప్పుడూ విసుగొస్తే తప్పు వరసలో ఉంది. పైన ఏం పోసినా బాగుపడదు, వరసనే మార్చాలి. అన్ని స్వరాలూ కిక్‌తో ఒకే గడిలో పడటం మామూలుగా కనిపించే లోపం. ఒకటి రెండింటిని పక్క గడికి జరిపితే సగం రోగం కుదురుతుంది.

అదే చెయ్యి, వేరే మట్టి

ఇప్పుడు మిగతా రికార్డులు. 1995లో వియన్నాకు చెందిన చీప్ లేబుల్ మీద ‘నైట్‌టైమ్ వరల్డ్’ మొదటి భాగం వచ్చింది. మినిమల్ నేషన్ తర్వాత ఏడాదికే. మెత్తని తీగలు, జాజ్ వాసన వేసే స్వరగుచ్ఛాలు (ఒకేసారి కలిసి మోగే స్వరాలు), నిదానమైన నడక. ఇదీ హుడ్‌దేనా అనిపిస్తుంది. కానీ స్వరగుచ్ఛం ఎన్నిసార్లు తిరిగొస్తోందో లెక్కపెడితే అదే పద్ధతి దొరుకుతుంది: చిన్న వరస, నిలకడ, సందులు. యంత్రపు బీప్ ఉండాల్సిన చోట జాజ్ స్వరగుచ్ఛాన్ని కూర్చోబెట్టాడు. ఈ వరసలో రెండో భాగం 2000లో, మూడోది ‘మోటార్’ పేరుతో 2012లో వచ్చాయి. అతని రికార్డుల్లో రావలసినంత పేరు రానివి ఇవేనని చెప్పాలి.

‘మోటార్’కు ప్రేరణ జూలియన్ టెంపుల్ డెట్రాయిట్ మీద తీసిన డాక్యుమెంటరీ. కార్ల కంపెనీల ఊరు అది. 1950 జనగణనలో 18.5 లక్షలున్న జనాభా 2010 నాటికి 7.14 లక్షలకు పడిపోయింది. కార్ఖానాలు పోయాయి, జనం పోయారు, వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. కారణాలు వేరైనా, తాళాలు వేసిన ఇళ్ళ వాడ ఎలా ఉంటుందో బొంబాయి, పుణె బస్సులెక్కే పాలమూరు పల్లెలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఖాళీని సంగీతంలో పెట్టడానికి హుడ్ ఏడుపు రాగం ఎత్తుకోలేదు. యంత్రం నడుస్తూనే ఉంటుంది, చుట్టూ మనుషులుండరు. 2010 నాటి ‘ఒమేగా’ కూడా ఆ దారిదే. 1971 నాటి ఒమేగా మ్యాన్ సినిమాలో ఖాళీ నగరంలో తిరిగే ఒంటరి మనిషి దానికి మూలం. కథ తెలియకుండా విన్నా ఆల్బమ్ నిలుస్తుంది. ఆ మాటకొస్తే ‘మోటార్’ కంటే ఇది బిగువైనది, నృత్యానికి దగ్గరిది.

2000ల మొదట్లో లండన్‌కు చెందిన పీస్‌ఫ్రాగ్ లేబుల్ మీద వచ్చిన ‘పాయింట్ బ్లాంక్’, ‘వైర్ టు వైర్’ మధ్యస్థంగా ఉంటాయి. వాటిని తొందరపడి వెతకనక్కర్లేదు. 2017లో డెక్‌మాంటెల్ వేసిన ‘పారడైమ్ షిఫ్ట్’ క్లబ్బు కోసం పదును పెట్టిన పాత పద్ధతి. 2020లో రీకిడ్స్ వేసిన ‘మిర్రర్ మ్యాన్’ పరిధి పెద్దది, పట్టు మాత్రం 1994 నాటిదంత ఉండదు. 2014లో వచ్చిన ‘ఎం-ప్రింట్’ ఎం-ప్లాంట్ ఇరవై ఏళ్ళ సంకలనం, మూడు సీడీలు. ఒక్కటే కొనగలిగితే అది కొనడం లెక్కకు సరిపోతుంది, కానీ కలగలుపు సంకలనం ఒక రికార్డు నడకను నేర్పదు.

ఇక ఫ్లోర్‌ప్లాన్. 1996లో మొదలైన ఈ పేరు కింద హుడ్ హౌస్ అనే నృత్య సంగీతం వైపు, గాస్పెల్ అనే చర్చి పాటల వైపు వెళ్ళాడు. అతను అభిషిక్తుడైన క్రైస్తవ బోధకుడు కూడా. డెట్రాయిట్ వదిలి అలబామా రాష్ట్రానికి మారాడు. 2011 నాటి ‘వి మ్యాగ్నిఫై హిజ్ నేమ్’, 2013 నాటి ‘ప్యారడైజ్’ ఆల్బమ్‌లోని ‘నెవర్ గ్రో ఓల్డ్’ ఈ దారిలో అందరికీ తెలిసినవి. రెండోదానిలో గాయని అరీథా ఫ్రాంక్లిన్ గొంతు వినిపిస్తుంది. 2016 నాటి ‘విక్టోరియస్’ నుంచి కూతురు లిరిక్ కూడా ఫ్లోర్‌ప్లాన్‌లో భాగస్వామి. ఆ తర్వాతిది 2019 నాటి ‘సూపర్‌నేచర్’.

మినిమల్ మనిషి చర్చి పాటల్లోకి మారిపోయాడని అప్పట్లో కొందరు ముఖం చిట్లించారు. ‘నెవర్ గ్రో ఓల్డ్’ను పక్కన పెట్టుకుని ‘మైనస్’ వింటే ఆ మాట నిలవదు. గొంతు ఉంది గానీ అది పాటగా లేదు. ఒక ముక్కను తీసుకుని, సింథ్ వరసను ఎలా తిప్పాడో అలాగే తిప్పాడు. చర్చిలో బోధకుడు ఒక మాటను పట్టుకుని మళ్ళీ మళ్ళీ అంటూ సభను లేపడం, మన భజనల్లో నామాన్ని తిప్పి తిప్పి వేగం అందుకోవడం, రెండింటి వెనుక పని ఒకటే. ఫిల్టర్ చేసే పనిని ఇక్కడ గొంతులోని ఆవేశం చేస్తుంది. తేడా ఒకటుంది: ఫ్లోర్‌ప్లాన్‌లో దెబ్బ ఆగి మళ్ళీ పడే ఘట్టాలు ఉంటాయి, జనం అరవడానికి చోటు ఉంటుంది. కొత్తవాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవడమే తేలిక. ‘ప్యారడైజ్’, తర్వాత ‘ఒమేగా’, తర్వాత ‘ఇంటర్నల్ ఎంపైర్’, ఆపై ‘మినిమల్ నేషన్’. ‘నైట్‌టైమ్ వరల్డ్’ను మాత్రం రాత్రి పది దాటాక విడిగా వినాలి.

ఏ పెట్టెలో వింటున్నారన్నది ముఖ్యం

ఫోన్ స్పీకర్‌లో ఈ రికార్డులు వినడం దండగ. ఆ చిన్న స్పీకర్ 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలికించలేదు. కిక్ ఉన్నదే 50 హెర్ట్జ్ చుట్టుపక్కల. సినిమా పాటలో గొంతు, తీగలు మిగులుతాయి కాబట్టి నష్టం తెలియదు. ఇక్కడ కిక్ పోతే మిగిలేది టిక్కు టిక్కుమనే హ్యాట్, బీప్. విసుగు రాక ఏమొస్తుంది? రెండు మూడు వందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్ కూడా ఇంతకంటే నయం. యాప్‌లో ట్రాకులను ఒకదానిలో ఒకటి కలిపే క్రాస్‌ఫేడ్, షఫుల్ రెండూ ఆపాలి. రెండు నిమిషాల మెల్లని తెరుచుకోవడం మీద వేరే ట్రాకు వచ్చి పడితే చేసిన పనంతా పోతుంది.

బాక్సుల మీద వినే వీలుంటే ముందు ఈక్వలైజర్‌ను సమానం చేయాలి. ఊరేగింపు పాటల కోసం బేస్ నాబ్ సగానికి పైగా తిప్పి ఉంచడం మామూలే. ఆ స్థితిలో 909 కిక్ పెడితే గది అంతా ఒకే గుయ్‌మంటుంది, దెబ్బకు దెబ్బకు మధ్య సందు ఉండదు. పైగా కిక్ ఆగకుండా పడుతుంది కాబట్టి ఆంప్లిఫయర్‌కు మామూలు పాటలో దొరికే ఊపిరి దొరకదు. శబ్దం మోతాదు మించిందని చెప్పే క్లిప్ లైటు ప్రతి దెబ్బకూ వెలుగుతుంటే గెయిన్ (లోపలికి వచ్చే శబ్దం మోతాదు) తగ్గించడమే దారి. వెలగనిచ్చి నడిపితే ముందు పోయేవి టాప్స్‌లోని, అంటే పై శబ్దాలు పలికే బాక్సుల్లోని, చిన్న కాయిళ్ళు.

ఇంకొకటి చాలామంది గమనించనిది. రెండు బేస్ బాక్సులకు వైర్లు బిగించేటప్పుడు ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే ఒకటి గాలిని తోస్తుంటే మరొకటి లాగుతుంది. నడిమధ్య నిలబడ్డవాళ్ళకు కిక్ మాయం. పాటల్లో ఇది ‘ఈ రోజు బేస్ తక్కువ’ అనుకునేంతే; హుడ్ రికార్డులో అయితే సంగీతంలో సగం పోయినట్టు. ఒక బాక్సు వైర్లు తిప్పి బిగించి, అదే చోట నిలబడి మళ్ళీ వింటే తేలిపోతుంది. బాక్సులను హాలు రెండు మూలల్లో పెట్టడం కూడా మంచిది కాదు. 55 హెర్ట్జ్ అల పొడవు ఆరు మీటర్లకు పైమాటే. వినేవాడికి ఒక బాక్సు ఇంకోదానికంటే మూడు మీటర్లు ఎక్కువ దూరమైతే రెండు అలలూ ఒకదాన్నొకటి తినేస్తాయి. బేస్ బాక్సులన్నీ ఒకే చోట పక్కపక్కన పెడితే ఆ గొడవ ఉండదు. ఫంక్షన్ హాళ్ళ ఎదురెదురు గోడలు, ఇనుప షట్టర్లు కొన్ని చోట్ల కిక్‌ను ఉబ్బిస్తాయి, కొన్ని చోట్ల మింగేస్తాయి. గోడకు ఆనుకుని నిలబడి రికార్డు మీద తీర్పు చెప్పకూడదు.

వీడియో సైట్లలో దొరికే పాత ట్రాకుల్లో చాలా వరకు రికార్డు ప్లేయర్ నుంచి ఎక్కించినవే. ప్లేయర్‌లో వేగం సరిచేసే స్లైడర్ ఎనిమిది శాతం అటూ ఇటూ జరుగుతుంది. 130 వేగం ఉన్న ట్రాకు 140గా వినిపించవచ్చు. 33 చుట్ల రికార్డును 45 మీద తిప్పి ఎక్కిస్తే 132 కాస్తా 178 అవుతుంది, స్వరమూ అయిదు మెట్లు పైకి లేస్తుంది. హుడ్ ట్రాకు ఏదైనా ఉడుత పరుగులా అనిపిస్తే ముందు గడియారం పట్టుకుని ఇరవై దెబ్బలు లెక్కపెట్టాలి. తొమ్మిది సెకన్లు పడితే వేగం సరైనదే. ఏడు సెకన్లలోపే అయిపోతే ఎక్కించినవాళ్ళు మీట తప్పు నొక్కారు.